మూడున్నర కిలోల కేసు: 63.5 నుంచి 67కి

నేను బాక్సింగ్ కోచ్‌ని. నా దగ్గర ఆడిన ఒక కుర్రాడు పై వెయిట్‌లో, అంటే తన కంటే ఎక్కువ బరువున్న వాళ్ళ విభాగంలో, టైటిల్ కోసం రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ ఓడిపోయిన వైనం ఇది. పేరు, ఊరు, పోటీల పేర్లు తీసేశాను, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. బరువుల లెక్కలు మాత్రం నా నోటుబుక్కులో ఉన్నవే. అతన్ని అడిగే రాశాను, రాసింది చదివి వినిపించాను కూడా. "మీ తప్పులే ఎక్కువ రాశారు సార్" అన్నాడు. అవి ఎక్కువ ఉన్నాయి కాబట్టే ఈ కేసు రాస్తున్నాను.

నేపథ్యం

నా దగ్గరికి వచ్చేటప్పటికి అతనికి 14 ఏళ్ళు, ఈ కేసు మొదలైనప్పుడు 22. అప్పటికి 63.5 కిలోల వెయిట్‌లో వరసగా రెండుసార్లు రాష్ట్ర ఛాంపియన్. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. ఆ వెయిట్‌లో అంత పొడగరులు తక్కువ. ఆటంతా ఎడమ చేతి జాబ్ మీదే, అంటే ముందు చేతిని సూటిగా చాచి వేసే పంచ్ మీదే, నడిచేది. దూరం నుంచి జాబ్ వేస్తాడు, ఎదుటివాడు లోపలికి రాబోతే అరడుగు వెనక్కి జరిగి కుడి చెయ్యి వదులుతాడు. వాళ్ళ పంచ్ ఇతని గడ్డానికి రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయేది. చూడముచ్చటగా ఉండేది. నాకూ ముచ్చటే, అందుకే ఆ అలవాటు ఎప్పటిదాకా పనికొస్తుందని ఆలోచించలేదు.

వెయిట్ దించడం దగ్గరే గొడవ. మామూలు రోజుల్లో 69 ఉండేవాడు. పోటీకి 63.5 అంటే అయిదున్నర కిలోలు దించాలి. ఆఖరి రెండు రోజులు ఉప్పు బంద్, నీళ్ళు గుక్కల లెక్కన, ప్లాస్టిక్ సూట్ వేసుకుని స్కిప్పింగ్. టీవీలో చూసే ప్రొఫెషనల్ ఫైట్లలో ముందురోజే వెయిట్ ఇస్తారు. తిని, తాగి, పడుకుని కోలుకోవడానికి వాళ్ళకి ఒక పగలూ రాత్రీ దొరుకుతుంది. మా అమెచ్యూర్ పోటీల్లో పొద్దున వెయిట్ ఇచ్చి అదే రోజు రింగు ఎక్కాలి. గెలిస్తే తర్వాతి బౌట్ రోజు పొద్దున మళ్ళీ తూకం. ఫైనల్ దాకా వెళ్ళినవాడు వారం రోజుల్లో నాలుగైదుసార్లు తూకం ఎక్కుతాడు. అన్నిసార్లూ అదే అంకె రావాలి.

వచ్చిన సమస్య

రెండో టైటిల్ ఫైనల్ పొద్దున 300 గ్రాములు ఎక్కువ చూపించింది. ఇంకా అరగంట టైముంది. కుర్రాడు చూయింగ్ గమ్ నములుతూ ఖాళీ వాటర్ బాటిల్లోకి ఉమ్ముతూ కూర్చున్నాడు, నేను పక్కన గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. వెయిట్ వచ్చింది. సాయంత్రం వార్మప్‌లో ఎడమ పిక్క పట్టేసింది. ఆ కాలితోనే జాబ్ మీద గెలిచాడు, గెలిచాక బాత్రూంలో వాంతి చేసుకున్నాడు. ఫొటోలో పతకం కనబడుతుంది, బాటిల్ కనబడదు.

అదే టైంలో ఇంకో విషయం తోడైంది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఇచ్చే ఒక సంస్థ బాక్సింగ్ టీంలో 63.5కి మనిషి ఉన్నాడు, 67లో ఖాళీ ఉంది. సంస్థల టీముల్లో వెయిట్‌కి ఒక్కడే కావాలి. అక్కడ మంచి బాక్సర్ ఉంటే మనవాడు ఎంత బాగా ఆడినా ఆ తలుపు మూసుకున్నట్టే. 67లో రాష్ట్ర టైటిల్ తెస్తే ట్రయల్‌కి పిలుస్తారని వాళ్ళ నాన్నకి ఎవరో చెప్పారు.

ఆయన జిమ్‌కి వచ్చి కూర్చున్నాడు. "మేరీ కోమ్ వెళ్ళలేదా సార్ పై వెయిట్‌కి?" అన్నాడు. వెళ్ళింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి 51 కంటే కింద వెయిట్ లేదు కాబట్టి వెళ్ళింది. అప్పటికి అయిదుసార్లు ప్రపంచ ఛాంపియన్, అంతా 48, అంతకంటే కింది వెయిట్లలోనే. లండన్‌లో సెమీస్‌లో నికోలా ఆడమ్స్ చేతిలో ఓడి కాంస్యం తెచ్చింది. అది చిన్న పతకం కాదు. కానీ అంతటి మనిషికి కూడా మూడు కిలోలు పైకి వెళ్తే బంగారం కాస్తా కాంస్యం అయిందని ఆయనకి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఆయన ముఖం చూస్తే నోరు రాలేదు. పైగా లోలోపల నాకూ వెళ్ళాలనే ఉంది. ఆ బాటిల్ ఇంకా కళ్ళముందే ఉంది.

మొదటి ప్రయత్నం: నా లెక్క

67లో ఆడేవాళ్ళు మామూలుగా 71, 72 ఉండి దిగుతారు. మనవాడు 69 నుంచి దిగితే రింగులో చిన్నగా కనబడతాడు, కాబట్టి ముందు మనమూ 72కి పెరగాలి. ఇదీ నా లెక్క. కాగితం మీద ఎవరూ తప్పుపట్టరు. 14 వారాల ప్లాన్ వేశాను. రోజుకి ఆరు గుడ్లు, మధ్యాహ్నం చికెన్, రాత్రి జొన్నరొట్టె పప్పు, పాలు. వారంలో నాలుగు రోజులు వెయిట్ ట్రైనింగ్: స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్. కుర్రాడికి బెంచ్ ప్రెస్ మోజు పట్టుకుంది. ఛాతీ, భుజాలు వచ్చాయి, టీషర్ట్ సైజు మారింది, జిమ్‌లో అందరూ మెచ్చుకున్నారు. 12వ వారానికి 72 తూగాడు.

నోటుబుక్కులో ఇంకో అంకె కూడా రాసుకుంటూ వచ్చాను, కానీ పట్టించుకోలేదు. ప్యాడ్స్ మీద మూడు నిమిషాల రౌండ్ అయ్యాక ఒక నిమిషం విశ్రాంతి ఇచ్చి, ఆ నిమిషం చివర మెడ మీద వేళ్ళు పెట్టి నాడి చూస్తాను. వెనకటి ఏడు రెండో రౌండ్ తర్వాత 130 దగ్గరికి దిగేది. ఇప్పుడు 150 దగ్గరే ఆగిపోతోంది. కొత్త బరువు కదా, అలవాటవుతుందిలే అనుకున్నాను. పెరిగిన కండకి రక్తం, ఆక్సిజన్ అందించే పని గుండెదే. ఆ గుండెకి మేం చేయించిన పని మాత్రం తగ్గింది, ఎందుకంటే పరుగు టైం తీసి బెంచ్ ప్రెస్‌కి ఇచ్చాం. భుజాల మీద కండ పెరిగితే చేతులు పైకి ఎత్తి ఉంచడానికే ఒక రౌండ్ శక్తి పోతుంది.

స్పారింగ్, అంటే జిమ్‌లో ప్రాక్టీస్‌కి ఆడే బౌట్ల గురించి చెప్పాలంటే ఇంకా సిగ్గు. మా జిమ్‌లో 67 వాళ్ళు లేరు. పాత 63.5 కుర్రాళ్ళతోనే ఆడించాను. వాళ్ళని ఉతికేశాడు. ఉతకడా మరి, ఎనిమిది కిలోలు ఎక్కువున్నాడు.

పోటీ మే నెలలో పడింది. ముందు వారం మొదలుపెట్టి 72 నుంచి 67కి దించాం. అయిదు కిలోలు. అప్పుడైనా నాకు వెలగాల్సింది. పై వెయిట్‌కి వెళ్ళేది ఆ బాటిల్ బాధ తప్పించుకోవడానికి కదా, మళ్ళీ బాటిల్ దగ్గరికే వచ్చాం. మునుపు అయిదున్నర, ఇప్పుడు అయిదు. తేడా అరకిలో. దానికి మూడు నెలలు పెంచాం, వారంలో తీసేశాం.

రెండు బౌట్లు గెలిచాడు. సెమీస్‌లో హాలు కొలిమిలా ఉంది, రింగు మీద ఫ్యాను గాలి కూడా లేదు. మొదటి రౌండ్ మనదే. కానీ ఎదుటివాడు కూడా ఇంచుమించు ఇంతే ఎత్తు. జాబ్ వేస్తే తిరిగి జాబ్ వస్తోంది. పంచ్ రెండు వేళ్ళ దూరంలో ఆగడం లేదు. రెండో రౌండ్ నుంచి వాడు లోపలికి వచ్చి పట్టుకోవడం మొదలెట్టాడు. తల ఇతని భుజం మీద ఆనించి, ముంజేతులు ఇతని చేతుల మీద వేసి బరువంతా వేలాడదీసేవాడు. రిఫరీ "బ్రేక్" అనే లోపు నాలుగైదు సెకన్లు. రౌండ్‌కి అలా ఏడెనిమిదిసార్లు. మూడో రౌండ్‌కి మనవాడు లేచినప్పుడు గ్లోవ్స్ నడుము దగ్గరున్నాయి. "చేతులెత్తరా" అని అరుస్తున్నాను. వినబడుతోంది, ఎత్తలేకపోతున్నాడు. రెండుసార్లు దెబ్బ తిని, రిఫరీ చేత ఎనిమిది లెక్కపెట్టించుకున్నాడు. రెండోది అవగానే, ఇక బౌట్ ఆపమని రింగులోకి టవల్ విసిరేశాను.

ఆ నిర్ణయం మీద మాత్రం నాకు పశ్చాత్తాపం లేదు. ఇంకా నిమిషంన్నర ఉంది, ఒక్క పంచ్‌తో తిరగొచ్చు కదా అని వాళ్ళ నాన్న అన్నాడు. నీళ్ళు తీసేసిన ఒంటితో, చేతులు ఎత్తలేని మనిషి తలకి దెబ్బలు తగలనివ్వడానికి నేను ఒప్పుకోను.

ఎందుకు ఓడామో తేల్చుకోవడం

ఇంటికొచ్చాక వారం రోజులు ఎండని తిట్టుకున్నాను. తర్వాత పాత బౌట్ ఒకటి గుర్తొచ్చింది. 1952 జూన్ 25న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో షుగర్ రే రాబిన్సన్ ఆడింది. రాబిన్సన్ అప్పుడు మిడిల్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్. దాని పై వెయిట్ అయిన లైట్ హెవీవెయిట్ టైటిల్ కోసం జోయ్ మాక్సిమ్ మీదకి వెళ్ళాడు. రాబిన్సన్ 157.5 పౌండ్లు, మాక్సిమ్ 173, అంటే ఏడు కిలోల తేడా. రింగు దగ్గర 104 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో 40. రిఫరీ రూబీ గోల్డ్‌స్టీన్ 10వ రౌండ్ తర్వాత ఎండకి తట్టుకోలేక తప్పుకుంటే రే మిల్లర్ వచ్చాడు. 13 రౌండ్లు అయ్యేసరికి పాయింట్లు వేసే ముగ్గురి కార్డుల్లోనూ రాబిన్సనే ముందున్నాడు. 14వ రౌండ్‌కి లేచి రాలేకపోయాడు. దాదాపు 200 బౌట్ల కెరీర్‌లో అతని బౌట్ అలా మధ్యలో ఆగిపోవడం ఆ ఒక్కసారే.

ఈ బౌట్ గురించి ఎవరిని అడిగినా ఎండ ఓడించిందంటారు. ఎండ ఇద్దరికీ ఒకటే కదా. మాక్సిమ్ పెద్దగా కొట్టలేదు, దగ్గరికొచ్చి పట్టుకుని ఆనుకున్నాడు. రాబిన్సన్ తన బరువుతో పాటు 13 రౌండ్లు ఆ 173 పౌండ్లని కూడా అటూ ఇటూ తోశాడు. ముందున్నవాడు పడిపోయి వెనకున్నవాడు నిలబడ్డాడంటే, ఎండ ఆ అలసటని పెంచిందే గానీ పుట్టించలేదని నా ఉద్దేశం. మా సెమీస్‌లో జరిగిందీ అదే, చిన్న సైజులో.

అప్పుడు టేపు తీసి మనవాడి చేతులు చాపించి వేలి కొస నుంచి వేలి కొసకి కొలిచాను. తర్వాత 67లో రాష్ట్రంలో ఆడే నలుగురి పక్కన ఏదో ఒక వంకతో నిలబెట్టి చూశాను. ఇద్దరు ఇతనంతే, ఒకడు ఇంకా పొడుగు. 63.5లో ఇతను గెలిచింది సగం చేతుల పొడవు వల్ల. ఆ ఆస్తి పై వెయిట్‌కి వెంట రాదు. ఈ కొలత మొదటి రోజే తీయాల్సింది, ఖర్చు పది రూపాయల టేపు.

గ్లోవ్స్ సంగతి కూడా అప్పుడే తట్టింది. 63.5 దాకా మగవాళ్ళు పోటీలో 10 ఔన్సుల గ్లోవ్స్ వేసుకునేవాళ్ళు, 67 నుంచి 12. చేతికి 57 గ్రాములు ఎక్కువ. బరువు పెద్ద లెక్క కాదు, స్పారింగ్‌లో 16 వేసుకునేవాడే. లావు లెక్క. పెద్ద గ్లోవ్ ముఖాన్ని ఎక్కువ కప్పుతుంది. గార్డ్ మధ్య, అంటే ముఖానికి అడ్డంగా ఎత్తిపెట్టుకున్న చేతుల మధ్య, సందులోంచి దూరే ఇతని సన్నటి జాబ్ ఇప్పుడు గ్లోవ్ మీద పడుతోంది. సెమీస్ వీడియో నెమ్మదిగా తిప్పి చూస్తే స్పష్టంగా కనబడింది.

రెండో ప్రయత్నం

మళ్ళీ 63.5కి వెళ్దామా అన్న మాట మొదట నేనే ఎత్తాను. కుర్రాడు ఒప్పుకోలేదు. ఉద్యోగం గురించి అనుకున్నాను. కాదట. "ఆ గమ్ నమలడం నా వల్ల కాదు సార్" అన్నాడు. సరే అయితే 67లోనే, కానీ పెంచడం ఉండదు అన్నాను. ఏడాదంతా 68 దాటకూడదు. పోటీకి దించాల్సింది ఒక కిలో. అది రాత్రి అన్నం తగ్గించి, ఉప్పు కాస్త చూసుకుంటే వచ్చేస్తుంది. వెయిట్ ఇచ్చిన పొద్దున రాగిజావ తాగి, సాయంత్రానికి కడుపు నిండిన మనిషిగా రింగు ఎక్కాలి.

ఎదుటివాళ్ళు మూడు నాలుగు కిలోలు పెద్దగా ఉంటారు కదా అని కుర్రాడు అడిగాడు. ఉంటారు. కానీ వాళ్ళు కూడా అదే రోజు పొద్దున నీళ్ళు లేకుండా తూకం ఎక్కి వస్తారు. ప్రొఫెషనల్ అయితే వాళ్ళకి ఆ సైజు లాభం. మన పద్ధతిలో ఆ లాభంలో సగం ఎండిపోయి వస్తుంది. ఈసారి నా పందెం దాని మీద.

బెంచ్ ప్రెస్ తీసేశాను. మెడ, నడుము, కాళ్ళకి పని పెట్టాను. అన్నిటికంటే పనికొచ్చింది పాతబస్తీలో ఒక తాలీం, అంటే కుస్తీ నేర్పే చోటు. వారానికి రెండు రోజులు అక్కడికి పంపాను. కుస్తీ నేర్చుకోమని కాదు, మనిషి ఆనుకుంటే ఎలా నిలబడాలో తెలుసుకోమని. మొదటి రోజు 75 కిలోల పహిల్వాన్ ఒకతను నవ్వుతూ ఇతని మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడంతే. రెండు నిమిషాల్లో మనవాడు చెమటలో తడిసిపోయాడు. నెల తిరిగేసరికి కిటుకు పట్టాడు: తోయకూడదు. తోస్తే రెండు బరువులూ మనమీదే పడతాయి. ముంజెయ్యి వాడి కండ కింద దూర్చి, ఎడమ కాలు పక్కకి వేసి తిరిగితే వాడి బరువు వాడే మోసుకుంటాడు. తిరిగిన చోటి నుంచి ఒక చిన్న హుక్, అంటే మోచెయ్యి వంచి పక్కనుంచి వేసే పంచ్. నాకు తెలిసిన బాక్సింగ్‌లో లేని పాఠం అది. బహుశా ఉండి, నేను సరిగ్గా నేర్చుకోలేదేమో.

పొట్టి పంచులు నేర్పడానికి చాలా తిప్పలు పడ్డాం. పొడగరికి లోపల ఆడడం అంటే ఇరుకు గదిలో కర్ర తిప్పినట్టు. మోచేతుల మధ్య తువ్వాలు బిగించి బ్యాగ్ మీద కొట్టించాను. రెండు నెలలు వికారంగానే కొట్టాడు. స్పారింగ్‌కి 71 వాళ్ళున్న జిమ్‌కి మేమే ఊరు దాటి వెళ్ళాం. అక్కడ బాగా తిన్నాడు. తిన్నా, విశ్రాంతి నిమిషం చివర నాడి మళ్ళీ 130 దగ్గరికి దిగింది. ఈసారి నేను నమ్మిన అంకె అదొక్కటే.

పోటీలో మూడు బౌట్లు గెలిచి ఫైనల్‌కి వచ్చాడు. ప్రతి తూకానికీ నవ్వుతూ ఎక్కాడు. ఫైనల్లో ఓడిపోయాడు, 3-2 స్ప్లిట్. అయిదుగురు జడ్జీల్లో ఇద్దరు మనకిచ్చారు.

ఆ ఓటమి నాది. ఏడాది కిందట మూడో రౌండ్‌లో పడిపోయిన దృశ్యం నా బుర్రలోంచి పోలేదు. అందుకే కార్నర్లో "మొదటి రౌండ్ చూసి ఆడరా, దాచుకో" అన్నాను. దాచుకున్నాడు, ఆ రౌండ్ పోయింది. రెండోది మనది. మూడో రౌండ్‌లో వాడు పట్టుకోబోతే మనవాడు రెండుసార్లు తాలీం తిప్పుడు తిప్పి హుక్ వేశాడు, హాలంతా లేచింది. మూడో గంట మోగాక ఇతని ఒంట్లో ఇంకా ఒక రౌండ్ మిగిలి ఉంది. ఎదుటివాడు తాడు పట్టుకుని నిలబడ్డాడు. పన్నెండు రౌండ్ల ఆటలో దాచుకోవచ్చు. మూడు రౌండ్ల ఆటలో దాచుకున్నది ఎక్కడ ఖర్చు పెడతాం? శక్తి లేనప్పటి భయంతో, శక్తి ఉన్నవాడికి సలహా ఇచ్చాను.

బస్సులో వెనక్కి వస్తూ కుర్రాడికి ఫోన్లో 2022 మే 7 నాటి బౌట్ చూపించాను. 168 పౌండ్ల ఛాంపియన్ కనెలో అల్వారెజ్ 175లో ద్మిత్రి బివోల్ మీదకి వెళ్ళి ముగ్గురు జడ్జీల దగ్గరా 115-113తో ఓడిన బౌట్. 2019లో అదే 175లో సెర్గీ కోవలెవ్‌ని 11వ రౌండ్‌లో పడగొట్టినవాడే కనెలో. వెయిట్ అదే, మనిషీ అతనే, ఎదుటివాడు మారాడంతే. జాబ్ ఆపకుండా వేస్తూ, గార్డ్ దించకుండా నిలబడే పొడగరి తగిలాడు. ఓదార్పుగా చూపించాననుకున్నాడేమో, చూసి ఫోన్ తిరిగిచ్చి పడుకున్నాడు. నిజానికి అది నా కోసం చూసుకున్నది. పై వెయిట్ అంటే ఒక అంకె అనుకుని ప్లాన్ వేసే అలవాటు నాది. అక్కడ ఎవరు నిలబడి ఉన్నారో పేర్లతో, కొలతలతో రాసుకోకుండా ఇప్పుడు ఏ కుర్రాడినీ వెయిట్ మార్చనివ్వడం లేదు.

రజతం చూసి ఆ సంస్థ ట్రయల్‌కి పిలిచింది. ఏమైందో రాస్తే ఎవరో తెలిసిపోతుంది కాబట్టి వదిలేస్తున్నాను. వెయిట్ దించేటప్పటి కళ్ళు తిరగడం, పిక్కలు పట్టడం మాత్రం ఆ ఏడాదంతా ఒక్కసారి కూడా నోటుబుక్కులో లేవు.

2025 ఫిబ్రవరి నుంచి వరల్డ్ బాక్సింగ్ అనే అంతర్జాతీయ సమాఖ్య కొత్త వెయిట్లు తెచ్చింది. మగవాళ్ళకి 60 తర్వాత 65, ఆ తర్వాత 70. మా 63.5 లేదు, రెండేళ్ళు తిప్పలు పడిన 67 కూడా లేదు. ఆ వార్త వచ్చిన రోజు కుర్రాడు ఫోన్ చేశాడు. "ఇప్పుడు 68.2 ఉన్నాను. 65కి దిగమంటారా, 70కి వెళ్ళమంటారా సార్?"

ముందు టేపు పట్టుకుని రమ్మన్నాను.